అడిగి చెప్పే మనిషి

పెద్దనాయిన పోయిన రోజు నేను ఏడవలేదట. శవం పక్కన కూర్చొని ఫోన్ చూసుకుంటున్నానట. వాడకట్టు వాడకట్టంతా చూసిందట. ఈ మాటను మా అమ్మ రోజూ ఎవరో ఒకరి దగ్గర విని ఇంటికి మోసుకొస్తుంది. ఆ రోజు నా చేతిలో ఉన్నది నా ఫోన్ కాదు, పోయిన మనిషి ఫోన్ అని మాత్రం ఒక్కరూ గమనించలేదు.

ఆయన మా నాయినకు అన్న. వనపర్తి బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చొని రిటైరైన మనిషి. మొన్నటి వానల్లో ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి అట్లాగే పోయాడు. పెద్దమ్మ అంతకు ముందే పోయింది. కొడుకు, అంటే మా అన్న, ఆ ఇంట్లోనే ఉంటాడు. కూతురు, మా అక్క, లింగాలలో ఉంటుంది.

చిన్నప్పుడు బడి వదలగానే నేను ఆ కిటికీ లోపలికి పోయి కూర్చునేదాన్ని. టైముల బోర్డు ఆయన నెత్తి మీదే ఉండేది. ఎవరైనా వచ్చి "సార్, గద్వాల బస్సు ఎప్పుడొస్తది?" అంటే ఆయన ఆ బోర్డు వైపు చూసేవాడు కాదు. "ఆగుండ్రి, అడిగి చెప్త" అని ఫోన్ ఎత్తి పెబ్బేరుకు చేసేవాడు. "ఏమయ్యా, గద్వాల బండి ఎల్లిందా? నువ్వు చూసినవా, ఎవరన్న చెప్పిండ్రా? ఎంతసేపైంది?" అవన్నీ తెలిశాకే కిటికీ వైపు తిరిగేవాడు.

జనం విసుక్కునేవాళ్ళు. "బోర్డు చూసి చెప్పనీకె గింత పరేషానా?" అని ఒకాయన అరిచాడు.

"బోర్డు నీకు గూడ కనవడుతున్నది గద. మరి నన్నెందుకు అడిగినవు?" అన్నాడు పెద్దనాయిన.

మంచివాడే గానీ మెత్తటివాడు కాదు. బీడీ మానమంటే మొహం తిప్పుకునేవాడు. అక్కకు లింగాల సంబంధం ఖాయం చేసినప్పుడు అక్కను అడగలేదు. ఊళ్ళ బస్సులన్నిటి సంగతి అడిగిన మనిషి ఆ ఒక్కటి అడగలేదని అక్క నవ్వుతూనే అనేది.

రిటైరయ్యాక కూడా జనం ఆయనకే ఫోన్ చేసేవాళ్ళు. గొంతు చెడి మాట సరిగా బయటికి రాకుండా పోయాక, మోగే ఫోన్‌ను చేతిలో పట్టుకొని ఊరికే చూసేవాడు. నేను అప్పుడే హైదరాబాద్ ఉద్యోగం వదిలి వచ్చాను. చదివి చదివి ఇంట్ల కూసున్నదని ఇంట్లోవాళ్ళు అనే రోజులు. ఆ రోజుల్లోనే ఆయన కోసం ఒకటి తయారు చేశాను.

ఏ బస్సు ఎక్కడ ఉందో చెప్పే సర్వీసు ఒకటి నెట్‌లో ఉంది. దాన్ని మనుషులు కాదు, ప్రోగ్రాములు అడుగుతాయి. ఆ అడిగే దారినే ఏపీఐ అంటారు. ఇంకోవైపు మనిషిలా మాట్లాడే ఏఐ మోడల్ ఉంది. దానికి మాటలు వచ్చు, బస్సు ఎక్కడుందో తెలియదు. ఈ రెండింటినీ కలిపాను. ఎవరైనా పెద్దనాయిన నంబరుకు వాయిస్ మెసేజ్ పెడితే, మోడల్ అది అర్థం చేసుకొని, సర్వీసును అడిగి, వచ్చిన సంగతిని మన మాటలో చెప్పాలి.

మొదటిసారి చూపించినప్పుడు ఆయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని, ఉన్న కాస్త గొంతుతో "ఖిల్లా ఘణపూర్ బస్సు యాడుంది?" అన్నాడు. మోడల్ టక్కున టైము చెప్పింది. నేను మురిసిపోయాను. ఆయన మురవలేదు.

"గింత జల్ది చెప్పింది. ఎవర్ని అడిగింది బిడ్డా?"

చూస్తే ఎవర్నీ అడగలేదు. సర్వీసు జోలికే పోకుండా, నమ్మేటట్టు ఒక టైము అల్లి చెప్పింది.

"మంచి మాటకారి. దీన్ని ఆ కిటికీల కూసోవెడితె దెబ్బలు తింటది" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది.

ఆ తర్వాత ఇద్దరం కూర్చొని దానికి కిటికీ పద్ధతి పెట్టాం. అడగకుండా చెప్పొద్దు. చెబితే ఎంతసేపటి కిందటి సంగతో కూడా చెప్పాలి. సర్వీసు పలకకపోతే తెల్వదనాలి. అన్నిటికన్నా ముందు "ఆగుండ్రి, అడిగి చెప్త" అనాలి. ఆయన దాన్ని "కొత్త డ్యూటీ ఆమె" అని పిలిచేవాడు. పొద్దున్నే నన్ను చూడగానే, "ఏమంటున్నది మన డ్యూటీ ఆమె?" అనేవాడు.

పెద్దనాయిన పోయిన రోజు అక్క లింగాల నుంచి వచ్చి అచ్చంపేటలో వనపర్తి బస్సెక్కి ఫోన్ చేసింది. "నేనొచ్చెదాంక లేపకుండ్రి. నాయిన మొకం చూడాలె." అంతే. తర్వాత ఆమె ఫోన్ కలవలేదు. నాగర్‌కర్నూల్ దగ్గర వాగు రోడ్డెక్కిందని ఎవరో అన్నారు. పొద్దు వాలుతోంది. ఆగాలా, శవాన్ని లేపాలా అని వాకిట్లో మాటలు మొదలయ్యాయి.

అన్న తన ఫోన్‌లోని ఏఐ యాప్‌ను అడిగాడు. బస్సుల సర్వీసుతో ఏ సంబంధమూ లేని, ఉత్త మాటల యాప్ అది. గట్టిగా చదివి వినిపించింది: "భారీ వర్షాల కారణంగా ఆ మార్గంలో రాకపోకలు పూర్తిగా నిలిచిపోయాయి. రేపు ఉదయం వరకు బస్సులు నడిచే అవకాశం లేదు." వార్తలు చదివినట్టు ఎంత చక్కటి తెలుగు! పెద్దమనుషులు తలలూపారు.

నేను పెద్దనాయిన ఫోన్‌లో అచ్చంపేట బస్సు సంగతి అడిగాను. "ఆగుండ్రి, అడిగి చెప్త" అంది. కాసేపటికి, "బస్సు బిజినేపల్లి కాడ ఉంది. పది నిమిషాల కిందటి మాట. ఎప్పుడు చేరుతదో గట్టిగ చెప్పలేను" అంది. బిజినేపల్లి అంటే వాగుకు ఇవతలే.

"అన్నా, అక్క బిజినేపల్లికి వచ్చింది. జర ఆగుండ్రి."

"నీదేమో గట్టిగ చెప్పలేనంటున్నది. నాది ఖరాఖండిగ చెప్తున్నది. దేన్ని నమ్మాలె?"

"నీది ఎవర్ని అడిగి చెప్పిందన్నా? ఉత్తగ అల్లింది. బిజినేపల్లిల ఎవరికన్న ఫోన్ చేసి అడుగు."

"పెద్దోల్లు మాట్లాడంగ నడుమ నీ ఫోన్ ఆటలేంది?" అని అమ్మ నా రెక్క పట్టి గుంజింది.

ఆ వాకిట్లో అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. ఒక్కరూ చేయలేదు. లేపారు.

అక్క వచ్చేసరికి వాకిలి కడిగి ఉంది. ఆ తడి మీద కాలు పెట్టకుండా గేటు దగ్గరే నిలబడి, "ఎంతసేపైంది?" అని అడిగింది. పెద్దనాయిన పెబ్బేరును అడిగినట్టే అడిగింది. నేను స్కూటీ తీశాను. ఆడవాళ్ళు రావద్దనే చోటికి ఇద్దరం పోయాం. అప్పటికే చితి అంటుకుంది. అక్క మంటను చూడలేదు, అన్నను చూసింది.

"జర ఆగితే ఏం పోయెరా?"

అన్న మంట వైపు తిరిగాడు.

పెద్దనాయిన బతుకంతా ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం ఊరూరికీ ఫోన్ చేసి అడిగాడు. ఆయన కోసం అడిగే మనిషి ఆ పూట వనపర్తిలో దొరకలేదు.

ఇంట్లో ఇప్పుడు అక్క కోసం ఆగలేదన్న మాటే లేదు. అక్కను కాష్ఠానికి తీసుకపోయి, పదిమందిలో అన్న పరువు తీశానన్నదే పెద్ద మాట. దినాల నాడు అందరి ముందు అన్నకు తప్పైందని చెప్పాలట. "ఒక్క మాటంటే నీ నోరు వోతదా?" అంటోంది అమ్మ.

పెద్దనాయిన ఫోన్ నా దగ్గరే ఉంది. బీడీ నిప్పు పడి దాని కవరు ఒక మూల కాలింది. ఆయన పోయాడని తెలియనివాళ్ళు ఇంకా మెసేజులు పెడుతున్నారు. నిన్న ఎవరో ముసలామె, వెనక సంతలో గొడ్ల అరుపుల మధ్య, "సారూ, లింగాల బస్సు యాడుంది?" అని అడిగింది. స్క్రీన్ వెలిగింది. "ఆగుండ్రి, అడిగి చెప్త."

దినాలకు అక్క రానంది. నేనూ ఉండను. ఆ పొద్దున లింగాల బస్సెక్కుతాను. తప్పైందని చెప్పను.