రెండో శనివారం మార్కులు

మా తమ్ముడికి ఇరవై రెండో ఏట మనసు చెదిరింది. పక్కింట్లో ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని మూడు నెలలు గోడకు చెవి ఆనించి కూర్చున్నాడు. మద్రాసు డాక్టరు ఇచ్చిన మాత్రలతో ఆ గొంతులు ఆగిపోయాయి. వాటితో పాటు వాడి గొంతూ తగ్గిపోయింది. తిండి తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతే. ఎవరింటికైనా పోదాం రారా అంటే, "పోతే ఏముండాదిలేన్నా" అనేవాడు. వీడు మళ్లీ మనుషుల్లో పడతాడా, పడడా? ఎనభైల మొదట్లో మా ఇంటికి ఉన్న బెంగ అదొక్కటే.

జబ్బుకు ముందు వాడు తిరుత్తణి నుంచి ఆవడి దాకా సీజన్ టికెట్టు మీద ఫ్యాక్టరీకి వెళ్లి వచ్చేవాడు. రైల్లో వాళ్లది నలుగురి ముఠా. ఎదురెదురు సీట్లలో కూర్చుని, మోకాళ్ల మీద తువ్వాలు బిగించి పరిచి, దాని మీద రమ్మీ ఆడుకుంటూ పోయేవాళ్లు. తువ్వాలు వదులైతే ముక్కలు జారిపోతాయి కాబట్టి మోకాలు కదపడం ఆ ముఠాలో పెద్ద నేరం. "వాళ్లు ఈపాటికి ఇంకో మోకాలును ఎతుక్కోనుంటారు" అని మా అమ్మ దిగులు.

తిరువళ్లూరులో ఒక మేడ మీది గదికి ప్రతి శనివారం ఒకావిడ మద్రాసు నుంచి వచ్చేది. మందులు రాసేది కాదు, మాట్లాడేది. చిత్తూరు వైపు మనిషి. గోడ అవతలి గొంతుల ఊసే ఎత్తేది కాదు. "ఈ వారంలో ఏది బాగుండింది నాయనా? అప్పుడు నీ పక్కన ఎవురుండిరి? ఏం వాసనొస్తా ఉండింది?" అని అడిగేది. మావాడు "ఏమీ లే" అంటే, ఆ ఏమీ లేనిదాంట్లోంచే ఒక పెసరట్టును, దాన్ని పంచుకుతిన్న మేనత్త కొడుకును, వాడు వేసిన జోకును ఒక్కొక్కటిగా బయటికి లాగేది. పత్రికా విలేకరిగా పదేళ్లుగా ప్రశ్నలు అడిగి బతుకుతున్న నాకు ఏ ఆఫీసరూ ఒక్కసారైనా అంత చెప్పి ఎరగడు. కొంచెం కడుపు మండింది కూడా.

ఆవిడ ఒక నోటుబుక్కు ఇచ్చింది. ఎవరినైనా కలవబోయే ముందు, ఎంత బాగుంటుందనుకుంటున్నాడో పదికి మార్కు వేయాలి. కలిసి వచ్చాక, నిజంగా ఎంత బాగుందో పక్కన ఇంకో మార్కు వేయాలి.

"ముందర రెండే ఏస్తాడు సార్. వచ్చినాక అయిదో ఆరో ఏస్తాడు. ఆ తేడాను వాడి కండ్లతో వాడు చూడల్ల. చూస్తా చూస్తా ఉంటే, పోదామని వాడికే బుద్ధి పుడతాది" అని నాకు విడిగా చెప్పింది.

తమ్ముడు రెండో రోజే నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. "నువ్వు రాసేవాడివి గదన్నా, ఏందో ఒకటి రాయి" అన్నాడు. పొరపాటు అక్కడే జరిగింది.

మద్రాసులో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రికకు నేను అప్పుడు తిరుత్తణి విలేకరిని. వార్తల కవరు మధ్యాహ్నం బస్సుకు పోవాలి. సభలేమో సాయంత్రం జరుగుతాయి. అందుకని సాయంత్రం సభకు పొద్దున్నే కాగితం మీద జనాన్ని కిక్కిరిసేలా చేసి, వక్త చేత ఉద్వేగంగా మాట్లాడించి, వందన సమర్పణతో ముగించి కవరును బస్సెక్కించేవాణ్ణి. ఒకసారి వాన కురిసి సభ రద్దయినా మా పత్రికలో చప్పట్లు మారుమోగాయి. అయినా నాకు బుద్ధి రాలేదు.

ఒక శనివారానికి ఆవిడ అసలు పరీక్ష పెట్టింది. తిరువళ్లూరుకు వచ్చేటప్పుడు తమ్ముడు పాత ముఠా పెట్టెలోనే ఎక్కాలి. నేను వేరే పెట్టెలో రావాలి. ఆ పొద్దున తిరుత్తణి ప్లాట్‌ఫారం మీద "ఎంతరా?" అంటే వాడు "ఒకటి" అన్నాడు. చెయ్యి ఊరుకోలేదు. రైలు రాకముందే రెండో మార్కు కూడా వేసేశాను. ఏడు. కింద నాలుగు వాక్యాలు రాశాను. ముఠా వాణ్ణి సాదరంగా ఆహ్వానించింది. అరక్కోణంలో వడలు పంచుకున్నారు. మూడు ఆటల్లో వాడు రెండు గెలిచాడు. వాతావరణం ఆద్యంతం ఉల్లాసంగా సాగింది.

మేడ మీది గదిలో ఆవిడ అదంతా పైకి చదివింది. చదువుతూ మధ్యమధ్యలో తమ్ముడి మొహం చూసింది.

"వడలు యాడివి నాయనా?"

తమ్ముడు నా వైపు తిరిగాడు. "అన్నా, ఈ పొద్దు రెండో శనివారం. ఫ్యాక్టరీకి లీవు. ముఠాలో ఒకడూ రాలే. పెట్టెలో నేనూ, ఒక కోళ్ల గంపా వచ్చినాము."

ఆవిడ నోటుబుక్కు మూసి నా చేతికిచ్చి, "సార్, వార్త చాలా బాగుండాది. నాకు కావాల్సిన తేడాను మాత్రం మీరే మింగేసినారు" అంది.

అప్పుడు వినిపించింది ఒక చిన్న చప్పుడు. దగ్గు అనుకున్నాను. తమ్ముడు నవ్వుతున్నాడు. "రెండాటలు గెలిస్తిని గదన్నా! కోడి మీదనా?" అని, మళ్లీ నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. ఏడాదిలో ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఆవిడ ఆ నవ్వును అక్కడితో వదల్లేదు. ప్లాట్‌ఫారం మీద అన్న మొహం ఎట్లుండింది, పెన్ను ఎట్ల తీసినాడు, కోళ్లు ఏం చేసినాయి అని వాడి చేత రెండుసార్లు చెప్పించింది. రెండోసారికి వాడి కతలో కోడి పేకముక్కలు పంచడం కూడా మొదలుపెట్టింది.

"ఈ కత ముఠాకు చెప్తే ఎట్లుంటాది?"

వాడు ఆలోచించాడు. "ఆరు" అన్నాడు. నా దగ్గర నుంచి నోటుబుక్కు లాక్కుని తనే రాసుకున్నాడు.

మరుసటి శనివారం రైలెక్కి నేను నియమం ప్రకారం పక్క పెట్టెలో తలుపు దగ్గర నిలబడ్డాను. అరక్కోణంలో రైలు ఆగినప్పుడు కిందికి దిగాను. ముందు పెట్టె కిటికీలో తమ్ముడితో కలిపి ముగ్గురు పగలబడి నవ్వుతున్నారు. నన్ను చూడగానే వాళ్లలో ఒకడు, "ఏం సార్, రేపటి రైలు కూడా ఈ పొద్దే వచ్చేసిందా?" అని కేక పెట్టాడు. ఇంకొకడు, "మేమెన్ని ఆటలు గెలిచినామో రాసేసినారా సార్?" అన్నాడు.

తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అన్నా, మా నాలుగోవాడికి నైట్ షిఫ్టంట. ఒక మోకాలు తక్కువొచ్చింది. బిన్నా రా, రైలు కదల్తాది."

ఎక్కి కూర్చున్నాను. ముక్కలు వాళ్లు ముగ్గురే పంచుకున్నారు. నన్ను తువ్వాలు కొస మోకాలి మీద బిగించి పట్టుకోమన్నారు. తిరువళ్లూరు దాకా కదలకుండా కూర్చున్నాను. ఒకే ఒక్కసారి కాలు తిమ్మిరెక్కి కొంచెం జరిపితే, మా తమ్ముడు ముక్కల్లోంచి తలెత్తకుండానే అన్నాడు:

"మోకాలు, మోకాలు!"