డ్రోను మీద రాళ్లు

బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని మానేసి, తోటలకు పురుగుమందు కొట్టే డ్రోను నడపడం నేర్చుకున్న కొత్తలో జరిగిందిది. బెంగళూరు శివారులో ఒక టమోటా తోట మీద డ్రోను లేపానో లేదో, పక్క పొలాలవాళ్లు కర్రలు, గడ్డపారలతో పరిగెత్తుకొచ్చారు.

"ఇళ్ల లేఅవుటు వేసి మా భూమి లాక్కునేదానికి కొలతలకు వచ్చినావా?" అంటూ ఒకాయన రాయి విసిరాడు. నా నుదురు చిట్లి కళ్లలోకి రక్తం కారింది.

"కొలతలకు కాదన్నా, మందు కొట్టేదానికి!" అని అరిచినా ఎవరూ వినలేదు. ఇంకో రాయి తగిలి డ్రోను కూలింది. నన్ను కొట్టినాయనే దాన్ని గడ్డపారతో పొడవగానే ట్యాంకు పగిలి మందంతా ఆయన ముఖాన చిమ్మింది. కళ్లు మండి ఆయన నేలమీద పొర్లుతుంటే మిగతావాళ్లు భయపడి వెనక్కి తగ్గారు. నేనే ఈడ్చుకెళ్లి బోరు నీళ్ల కింద తల పెట్టించాను.

"నిజంగా మందేనా తల్లీ?" అని ఏడ్చాడు.

ఆయన చూపు దక్కింది. నా నుదుటి మీద మచ్చ మిగిలింది. అద్దంలో దాన్ని చూసినప్పుడల్లా ఆయన్ని తిట్టుకునేదాన్ని.

పోయిన నెల ఆ తోటల మీదికి నిజంగానే కొలతల డ్రోను వచ్చింది. తోటలు పోతే నా డ్రోనుకు పనెక్కడుంటుంది? ఈసారి అందరికంటే ముందు రాయి అందుకున్నది నేనే.