షావుకారు పంచిన నల్లమందు

మా గుడియాత్తంలో షావుకారు నేతగాళ్లకు నూలుతోపాటు నల్లమందు ఉండ కూడా ఇచ్చేవాడు. అది మింగితే నడుంనొప్పి తెలియదు, ఆకలి వెయ్యదు, లుంగీలు గబగబా మగ్గం దిగుతాయి. సర్కారు అంగట్లో కొనే స్తోమత మాకెక్కడిది? ఆయనిచ్చేది దొంగ సరుకు. ఆయనా అదే మింగేవాడు, కాకపోతే వెండి డబ్బీలోంచి, పాలతో. ఆయన గడప ఆబ్కారి జవాన్లు ఏనాడూ తొక్కలేదు.

అమ్మ పోయాక ఇంట్లో నాయనా నేనూ మిగిలాం. నేను కండెలు చుడితే ఆయన నేసేవాడు. ఒకసారి షావుకారును నోరు తెరిచి కూలి పెంచమన్నాడు. ఆ వారంలోనే జవాన్లు మా ఇంటిమీద పడ్డారు.

ఉండ దొరికింది. జరిమానాతో పోయేదే. కానీ ఒక జవాను బూట్లతో మగ్గం గుంటలోకి దిగాడు. దీపం పెట్టి మొక్కుకున్నాకే మేము కూర్చునే చోటది. చుట్టాలైనా చెప్పులు బయట విడిచే వస్తారు. వాడు మగ్గంమీది పడుగు నూలును కత్తితో పరపరా కోశాడు. నాయన పోగు నడిపే కొయ్య నాడె తీసి వాడి దవడ పగలగొట్టాడు. మిగతావాళ్లు ఆయన్ని వీధిలోకి ఈడ్చి లాఠీలతో చితకబాదారు. పళ్లు మట్టిలో రాలాయి. అడ్డం పోయిన నన్ను జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. షావుకారు, ఆ పాపిష్టివాడు, అరుగుమీద నిలబడి అంతా చూశాడు. తర్వాత నాయనమీద సాక్ష్యమూ చెప్పాడు.

నాయనను వేలూరికి తీసుకుపోయి జైల్లో వేశారు. నల్లమందు లేక మొదట్లో తల గోడకు బాదుకున్నాడట. తిరిగొచ్చేసరికి దాని ఊసే ఎత్తలేదు. నాకు ఎంత సంతోషమైందో! కానీ జైలుకు పోయొచ్చినవాడికి నూలు ఎవరూ ఇవ్వలేదు. జోలార్పేట రైలు స్టేషన్లో మూటలు మోస్తానన్నా తరిమేశారు. మా ఇంట్లో పొయ్యి వెలగడమే గగనమైంది.

ఒకరోజు మా వీధిలో దొంగతనం జరిగింది. పోలీసులు నేరుగా మా ఇంటికే వచ్చారు. ఇల్లంతా వెతికినా ఏమీ దొరకలేదు. అయినా నాయనను తన్ని, చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఆయన చెయ్యెత్తలేదు. నేనే ఒకడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను. వాడు నా డొక్కలో తన్నాడు. కిందపడి ఏడుస్తుంటే నాయన వంగి మెల్లగా అన్నాడు.

"ఏడవద్దమ్మా. ఆడ జైల్లో పొద్దున్నే అడక్కుండానే కూడు పెడ్తారు."

పోలీసులమీద కన్నా ఆయనమీదే నాకు ఒళ్లు మండింది.

"మరి నాకు ఎవురు పెడ్తారు నాయనా?" అన్నాను.