మామ ఎర్రజెండా, మా ఆవిడ బొత్తాం మైకు

మొన్న మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో చెవుల క్యాంపు పెట్టారని తెలిసి, నా మిషను ఒకసారి చూపించుకుందామని మద్దేడ్‌లో బస్సెక్కాను. మన వయసువాళ్లకు చెవి మిషను వింతేమీ కాదు గానీ, నాది రెండు ముక్కల మిషను. ఒకటి నా చెవిలో ఉంటుంది. రెండోది బొత్తామంత మైకు, దాన్ని మా ఆవిడ కొంగుకు తగిలించుకుంటుంది. ఆమె పొయ్యి దగ్గర గొణుక్కున్నా పెరట్లో ఉన్న నాకు వినిపిస్తుంది. భద్రాచలంలో ఉండే మా మేనల్లుడు ఎవరి చేతనో బయటి దేశం నుంచి తెప్పించి ఇచ్చాడు.

క్యాంపులో మిషన్లు చూసేది భోపాలపట్నం వైపు పిల్లే. రెండు ముక్కలూ అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది, చెవిలోది తిరిగి నాకు పెట్టి చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"చెవిలోదానికి బాధ లేదు తాతా. ఈ మైకే కుదరదు. ఇది గాలిలోకి మాటను పంపుతది. అది పంపే ఫ్రీక్వెన్సీ మన దేశంలో ఇసువంటి వాటికి ఇయ్యలే. సర్కారు పాసు చేసిన గుర్తు కూడా లేదు. వాడకుండ్రి."

నేను ఊరుకోలేదు. కట్టుకున్నదాని మాట వినడానికి సర్కారు పర్మిషన్ కావాలా అని లేచి నిలబడి అరిచాను. ఆ పిల్ల విసుక్కోలేదు.

"వినడానికి ఎందుకు తాతా పర్మిషను? పంపడానికి కావాలె. నువ్వు వినొచ్చు, అమ్మమ్మే మాట్లాడొద్దు."

క్యాంపంతా ఘొల్లున నవ్వింది. నాకు మాత్రం ఆ మాట కొత్తది కాదు. ఒకప్పుడు నడిరోడ్డు మీద ఎండలో నిలబడి, వచ్చేపోయే జీపులన్నిటికీ నేనే చెప్పిన మాట అది.

మా వైపు రోడ్డు వేస్తున్న రోజుల్లో దారి పక్కనే కంకర క్వారీ ఉండేది. మా మేనమామ అక్కడ తూటాలు పేల్చే మేస్త్రి. నేను బడి ముఖం చూసినవాణ్ని కాను, పేలుడు మందుపెట్టెల మీది అక్షరాలు చూసి హిందీ, బెల్లం పొట్లాల కాగితాలు విప్పి తెలుగు కూడబలుక్కున్నవాణ్ని. అలాంటి నా చేతికి మామ ఎర్రజెండా ఇచ్చి రోడ్డు మీద నిలబెట్టాడు. అవి కరెంటుతో పేలే తూటాలు. తీగలు కలుపుతున్నప్పుడు దగ్గర్లో ఎవరైనా వైర్‌లెస్‌లో మాట్లాడితే, ఆ శక్తి తీగల్లోకి దిగి తూటా ముందే పేలిపోవచ్చునని మామ భయం. అందుకని వైర్‌లెస్ సెట్టున్న జీపు ఏదైనా సరే, ఆపి చెప్పాలి: సాబ్, సెట్టులో వినండి, బటన్ నొక్కి మాట్లాడకండి.

ఒకసారి ఒక పెద్ద ఆఫీసరుకు కోపం వచ్చింది. నన్నే నోరు మూసుకోమంటావా అని జీపు దిగాడు. మామ లుంగీ ఎగగట్టుకుంటూ పరుగున వచ్చాడు.

"మూసుకోమంటలేను సాబ్, కొంచెంసేపు దాచుకోమంటున్న. అటు సూడుండ్రి, మావోళ్లు తీగల మీదనే కూసున్నరు."

ఆ ఆఫీసరు అటు చూశాడు, సెట్టు సీటు మీద పెట్టేశాడు, మామకు బీడీ కూడా ఇచ్చాడు. తూటాలు పేలాక మామ ఒక్కొక్క గుంత దగ్గరికీ వెళ్లి చూసుకుని, రాయెక్కి పచ్చజెండా ఊపేవాడు. అంతవరకూ బిగబట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడేవి.

మామకు రోజూ జావ తెచ్చే కూతురే ఇప్పటి మా ఆవిడ. క్వారీలో రాళ్లు నలిపే కంకర మిల్లు రొదలో ఏ మాటా వినబడేది కాదు గనుక, తిన్నావా అనీ, రేపు ఏం తేవాలనీ అన్నీ చేతులతోనే అడిగేది. పెళ్లయ్యాక ఇంట్లో ఆ గొంతు వింటూ ఉండగానే, ఆ మిల్లు కొద్దికొద్దిగా నా చెవులను తినేసింది. కడుపు మండేది ఇక్కడే. తూటా తీగలకు అంత కాపలా కాసిన మేము, మా చెవులకు ఇంత దూది తప్ప ఏదీ పెట్టుకోలేదు, పెట్టుకోమని చెప్పిన నియమమూ లేదు. మోతకు లేని పర్మిషను ఇప్పుడు గొణుగుడుకు కావాలట!

చెవులు పోయాక చాలా ఏళ్లు ఆమె పెదవులు కదలడమే చూశాను. ఆ కదలికకు, జావ తెచ్చిన పిల్ల గొంతును నేనే తగిలించుకుని వింటుండేవాణ్ని. మిషను వచ్చిన రోజున "బావా, ఇనబడ్తాందా?" అని ఆమె అడిగితే ఉలిక్కిపడ్డాను. బొంగురు గొంతు, అచ్చం పోయిన మా అత్తగారిది! ఎవరీ ముసలమ్మ అని అటూ ఇటూ చూస్తుంటే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. కానీ మనిషికి అలవాటు కానిది ఏముంది! ఎండాకాలం వెళ్లేసరికి ఆ బొంగురు గొంతు వినకపోతే అన్నం సయించని స్థితికి వచ్చాను.

క్యాంపు సంగతి తెలిసి మేనల్లుడు వచ్చి మండిపడ్డాడు.

"ఎవడు సూడొచ్చిండు మామా, పెట్టుకో! జీపుల నిండా సెట్లు తిరుగుతున్నయి, అత్త బొత్తామే అడ్డమొచ్చిందా?"

వాడన్నదే నా మనసులోనూ ఉంది. అయితే ఎవరూ చూడనిది గాలిలో ఎవరి తీగను తాకుతుందో తెలియదనే కదా మామ నన్ను ఎండలో నిలబెట్టింది! ఆయన ఇచ్చిన జెండా పట్టిన చేత్తోనే మా ఆవిడ కొంగు నుంచి మైకు తీసి డబ్బాలో పెట్టాను. అది లేకపోతే చెవి దగ్గర అరిస్తే తప్ప నాకు ఏ మాటా తెలియదు. పాసైన మిషను కోసం పేరు రాయించమంది ఆ క్యాంపు పిల్ల, రాయించాను. ఎప్పుడు వస్తుందో చెప్పేవాళ్లు లేరు. ఆ రోజుల్లో ఎర్రజెండా పట్టించినవాడే రాయెక్కి పచ్చజెండా కూడా ఊపేవాడు. ఈ రోజుల్లో ఏ రాయి వైపు చూడాలో తెలియడం లేదు.

ఆమె మళ్లీ చేతులతోనే అడుగుతోంది, తిన్నావా అని. పెదవులూ కదులుతున్నాయి. పాత అలవాటు కొద్దీ జావ తెచ్చిన పిల్ల గొంతును తెచ్చి తగిలిద్దామని చూస్తాను, ఎంత వెతికినా దొరకడం లేదు. దాని చోట బొంగురు గొంతు వచ్చి కూర్చుంది. ఇప్పుడు అదీ రోజుకింత మసకబారుతోంది.