పదహారు మేస్త్రి

షెడ్డులో అందరూ ఆయన్ని పదహారు మేస్త్రి అంటారు. టర్బో బలం పెంచిన డీజిల్ లారీ ఏది వచ్చినా, పిస్టన్ గాలిని పదహారు రెట్లకు మించి నొక్కకూడదంటాడు. కంపెనీ పెట్టిన పద్దెనిమిది ఆయనకు గిట్టదు. కొత్త పిస్టన్ బిగించే ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని, గోరు అరిగిపోయిన బొటనవేలితో నెత్తిమీద నెమ్మదిగా తడుముతాడు, పసివాడికి జ్వరం తగ్గిందో లేదో చూస్తున్నట్టు. పక్కన టీ చల్లారిపోయినా పట్టించుకోడు. కిటికీలో పగిలిన పాత పిస్టన్ ఒకటుంటుంది. రోజూ దాన్ని తుడుస్తాడు గానీ, దాని ఊసెత్తడు.

మొన్న ఒక లారీ ఓనరు పట్టుబట్టాడు. "పద్దెనిమిదే ఉంచు మేస్త్రీ. పదహారైతే చలికి పొద్దున్నే బండి ఏడిపిస్తుందటగా!"

"ఏడిపించనీ. టర్బో పెంచాక పద్దెనిమిది ఉంచితే, ఎత్తు ఎక్కేటప్పుడు పిస్టన్ తట్టుకోలేదు."

"మరీ చాదస్తం నీది. ఇన్నాళ్లూ మా బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది, తెలుసా?"

మేస్త్రి చేతిలోని గుడ్డ ఆగింది. కిటికీ వైపు చూశాడు.

"మా తమ్ముడూ అదే కావాలన్నాడు. వాడి మాట కాదనడం నాకెప్పుడూ చేతకాలేదు. టర్బో పెంచి, పద్దెనిమిదే ఉంచాను. కొండ ఎక్కుతుంటే పిస్టన్ పగిలి ఇంజన్ ఆగిపోయింది. లారీ వెనక్కి జారి వాణ్ణి లోయలోకి తీసుకుపోయింది."

గొంతు తగ్గించి అన్నాడు: "ఆ పొద్దున కూడా ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు."