వెనక నుంచి పిలవని ఇల్లు

మా ఇంట్లో గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవరు. చాలా ఇళ్ళలో ఉన్న పట్టింపే ఇది, కానీ మా ఇంట్లో ఉన్నంత కచ్చితంగా ఇంకెక్కడా చూడలేదు. తాళంచెవులు మర్చిపోయినా, ఫోన్ మర్చిపోయినా, ఆఖరికి ఒక కాలికి ఒక రకం చెప్పు తొడుక్కుని పోతున్నా ఎవరూ నోరు విప్పరు. మా అమ్మను మేం అవ్వ అంటాం. ఆమె దగ్గర దీనికో ఉపాయం ఉంది. పెరటి తలుపు తీసుకుని, పక్క సందులోంచి పరుగెత్తి, మనకంటే ముందు రోడ్డు మీదికి చేరి ఎదురుగా నిలబడుతుంది. అప్పుడు ఆ వస్తువు చేతిలో పెడుతుంది. ఒకసారి నేను బండి మీద పోతుంటే ఆటో మాట్లాడుకుని, చౌరస్తా దగ్గర నన్ను దాటి, దిగి, రొప్పుతూ నా హెల్మెట్ నాకిచ్చింది. ఆటోలోంచి ఒక కేక వేస్తే సరిపోయేది కదే అన్నాను. ఆటో అప్పటికింకా నా వెనకే ఉందట.

చెబితే అందరూ నవ్వుతారు. దీని మొదలు మాత్రం నవ్వే విషయం కాదు. ఆదిలాబాద్‌లో మాది టెంట్ హౌస్. మా నాన్న, అంటే మా బాపు పెట్టింది. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక పొద్దున బాపు పక్క ఊళ్ళో పెళ్ళి పందిరి వేయడానికి బయల్దేరాడు. ట్రాలీ ఎక్కబోతుంటే అవ్వ లోపలి నుంచి పిలిచింది.

"ఇగో, సద్ది ఇడిసిపెట్టి పోతున్నవ్."

బాపు వెనక్కి వచ్చాడు. వెనక నుంచి పిలుపు వినబడితే కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళాలంటారు. వాకిలి మెట్టు మీద కూర్చున్నాడు, చెంబెడు నీళ్ళు తాగాడు, సద్ది మూట పట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం ఆయన పైకి లేపుతున్న ఇనుప పైపు కరెంటు తీగకు తగిలింది. ఆ సాయంత్రం మా ఇంటి ముందు వేసింది కూడా మా షామియానానే.

అవ్వ ఆ తీగను ఏనాడూ తిట్టలేదు. తన నోటినే తిట్టుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో రెండు కట్టుబాట్లు వచ్చాయి. వెళ్ళేవాళ్ళను వెనక నుంచి పిలవొద్దు. చెడు మాట నోటివెంట రానివ్వొద్దు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నాకు ముక్కు మీద కోపం. ఊళ్ళో పెద్దవాళ్ళ మూఢనమ్మకాల మీద లేచి పోట్లాడేవాణ్ణి. అవ్వ ముందు మాత్రం ఒక్క మాట అనలేదు. ఆమె కోసమే ఊరుకుంటున్నాననుకున్నాను గాని, ఆ కట్టుబాట్లు నాలోకి ఎంత లోతుగా దిగాయో నాకు తెలియదు.

నాలుగేళ్ళ కింద చలికాలంలో ఒక స్కైడైవింగ్ క్యాంపు వచ్చింది. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోకి పోయాక, పత్తి చేల మధ్య వాడకం లేని పాత రన్‌వే ఒకటి ఉంది. అక్కడ రెండు నెలలు ఉంటామని టెంట్లు, కుర్చీలు మా దగ్గర కిరాయికి తీసుకున్నారు. వేయడానికి నేనే వెళ్ళాను. గుంజలు పాతుతూ తలెత్తి చూస్తే ఆకాశంలోంచి మనుషులు దిగుతున్నారు. పుట్టినప్పటి నుంచి గుడ్డలు, తాళ్ళు, ముడులు తప్ప ఇంకో లోకం లేనివాణ్ణి. అదే గుడ్డకు, అదే తాడుకు ఒక మనిషి తన ప్రాణం అప్పగించి దిగుతుంటే చూస్తూ నిలబడలేకపోయాను. వారం తిరక్కుండా శిక్షణలో చేరాను.

చేరాక తెలిసింది, దూకడం నేర్పేది తక్కువ, దూకాక చెడితే ఏం చేయాలో నేర్పేది ఎక్కువ. వీపు సంచిలో రెండు పారాచూట్లుంటాయి, మేం గొడుగులనేవాళ్ళం, ఒకటి మెయిన్, ఒకటి రిజర్వు. మెయిన్ తెరుచుకోకపోయినా, చిక్కుపడినా, కుడిపక్క ఎర్ర పిడి గుంజితే అది ఊడిపోతుంది. ఎడమపక్క తెల్ల పిడి గుంజితే రిజర్వు తెరుచుకుంటుంది. మా టెంట్ పైపుకే పట్టీలు కట్టి మమ్మల్ని వేలాడదీసి ఇదే చేయించేవాడు మా శిక్షకుడు. సైన్యంలో చేసి వచ్చిన మనిషి, హిందీలో తప్ప మాట్లాడడు. ప్రతి మెట్టూ గట్టిగా నోటితో చెప్పాలనేవాడు. భయమేసినప్పుడు బుర్ర పనిచేయదు, నోరు అలవాటు పడితే చెయ్యి దాని వెంట పోతుందనేవాడు. ఇంకొకటి కూడా రోజూ చెప్పేవాడు. ఎవరి సామానులో ఏ తేడా కనబడినా, వాళ్ళు నీకంటే సీనియర్ అయినా సరే, అక్కడికక్కడ ఆపి చెప్పాలి.

నాతోపాటు భైంసా నుంచి ఒకతను నేర్చుకునేవాడు. పత్తి వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. అతనికి నోటి మీద ఏ కట్టుబాటూ లేదు. చాయ్ హోటల్లో, బండి వెనక కూర్చుని, పళ్ళు తోముకుంటూ కూడా అదే పాట. "తెరుచుకోలే. ఎర్రది చూడు, పట్టు, గుంజు. తెల్లది చూడు, పట్టు, గుంజు." చాయ్ పోసే ఆయనకు కూడా కంఠతా వచ్చేసింది.

నాకు మాత్రం 'తెరుచుకోలే' అన్న మాట దగ్గర గొంతులో వెలక్కాయ పడ్డట్టయ్యేది. అక్కడ అందరి ముందు ఎలాగో గొణిగేవాణ్ణి. ఇది పనికాదని ఒకరోజు మా గోడౌన్‌లో, షామియానాల కుప్పల మధ్య నిలబడి గట్టిగా అనడం మొదలుపెట్టాను. మూడోసారి అనేసరికి గుమ్మంలో అవ్వ.

"ఏంది రా నువ్వనేది?"

"ఏం లేదే. గా దూకే పనిల నేర్పిండ్రు."

"తెరుచుకోలే అంటున్నవ్. నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటదంటరు. దూకేది దూకు, నేనద్దంటే ఆగెటోనివి కాదు. గా మాట మాత్రం నోట్లకెళ్ళి రానియ్యకు."

సరేనన్నాను. కీడెంచి మేలెంచమన్న సామెత కూడా మనవాళ్ళదేనని ఆమెకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ రోజు నుంచి అన్ని మెట్లూ మనసులోనే అనుకున్నాను. శిక్షకుడు చూస్తే పెదాలు కదిపేవాణ్ణి.

ఆ రోజు నాకు తొమ్మిదో దూకుడు, భాయ్‌కి పన్నెండోది. అప్పటికి ఇద్దరం ఒంటరిగా దూకుతున్నాం. పొద్దున శిక్షకుడు గోడ మీది పటంలో దిగేచోటు చూపించాడు. పడమటి పక్క రెండు బావులు, ఒక కరెంటు లైను. గాలి అటే ఉంది, దూరంగా ఉండండి అన్నాడు. అందరూ పటం చూసి వెళ్ళిపోయారు. నేను ఆ లైను దగ్గరే కాసేపు ఆగిపోయాను. ఆ తర్వాత ఆయన మా ఇద్దరి సామాను ముందూ వెనకా చూసి సరేనన్నాడు. విమానం రావడానికి ఇంకా టైముంది. భాయ్ ఇనుప కుర్చీలో జారగిలబడి కూర్చున్నాడు. మా కుర్చీయే. వెనక కమ్మీ ఒకటి ఊడి కొక్కెంలా బయటికి వచ్చిందని వెల్డింగుకు పక్కన పెట్టించిన కుర్చీ, లోడులో ఎలా కలిసిపోయిందో.

పిలుపు వచ్చింది. లేచి వరసగా నడిచాం. భాయ్ నా ముందు, అయిదడుగుల దూరంలో. అప్పుడు చూశాను. కుర్చీ కమ్మీకి తగులుకుందేమో, అతని సంచి కింది భాగంలోంచి జానెడు పట్టీ బయటికి వేలాడుతోంది.

మెయిన్ తెరవాలంటే మొదట ఒక చిన్న గొడుగును చేత్తో గాలిలోకి విసురుతాం. దాన్ని మెయిన్‌కు కలిపే పట్టీ అది. సంచిలోపల అణిగి ఉండాలి. బయట ఉంటే గాలి దాన్నే పట్టుకుని లాగుతుంది, మనం విసరకముందే మెయిన్ బయటికి వచ్చి చుట్టుకోవచ్చు, విసిరినా పట్టీ చిక్కుపడి మెయిన్ తెరుచుకోకపోవచ్చు. తాళ్ళతో బతికేవాణ్ణి, ఒక తాడు ఉండాల్సిన చోట లేకపోతే నా కన్ను దానికదే పోతుంది. అది ఏమిటో, ఏం చేయగలదో నాకు స్పష్టంగా తెలుసు.

భాయ్ అన్న ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. బయల్దేరిన మనిషి. వెనక నుంచి. అంతే, నోరు తెరుచుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది. అవ్వ చేసే పనే చేయబోయాను, ముందుకు వెళ్ళి ఎదురు నిలబడదామని వడివడిగా నడిచాను. విమానం దగ్గర ఉరకొద్దు, ఒకరినొకరు దాటొద్దని నియమం. పక్కనున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టి నన్ను వరసలోకి తోశాడు. భాయ్ ముందు ఎక్కి లోపలికి జరిగాడు. నేను ఎక్కేసరికి అతని వీపు పైలట్ సీటుకు ఆనుకుని ఉంది, పట్టీ తొడ కింద ఎక్కడో ఇరుక్కుపోయింది.

ఇప్పుడు అతను ఎదురుగానే ఉన్నాడు. చెప్పొచ్చు. ఇంజను మోతలో అరిచి చెప్పాలి. గాలిలోకి లేచాక చెడుమాట చెబితే ఇంకా కీడు కదా అనిపించింది. శిక్షకుడు దూకేముందు మళ్ళీ చూస్తాడు కదా అనుకున్నాను. నేనే తప్పు చూశానేమో, అందరినీ కిందికి దింపి నవ్వులపాలవుతానేమో అని కూడా అనుకున్నాను. పదిహేను నిమిషాలు పైకి పోతూనే ఉన్నాం. భాయ్ పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నాడో నాకు తెలుసు. శిక్షకుడు వంగి అతని వీపు మీద చెయ్యి పెట్టి మూత, పిన్ను చూశాడు. అవి సరిగానే ఉన్నాయి. పట్టీ ఆయన చేతికి అందేచోట లేదు.

చివర ఎక్కినవాళ్ళు ముందు దూకాలి. తలుపు తీశారు. చల్లగాలి మొహాన కొట్టింది. నేను అతని వైపు ఒక్కసారి తిరిగాను. బొటనవేలు పైకెత్తి నవ్వాడు. నేను దూకేశాను.

నా గొడుగు తెరుచుకుంది. తెరుచుకోగానే ఎన్నడూ చేయనట్టు తల పైకెత్తి వెతికాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కనబడింది, గొడుగు కాదు, పిండిన బట్టలాంటి ముద్ద, దాని కింద మనిషి, తిరుగుతూ వస్తున్నాడు. నా పక్కనుంచి, కొంచెం దూరంలో, కిందికి దాటిపోయాడు. అప్పుడు అరిచాను. భాయ్, భాయ్, భాయ్ అని అరుస్తూనే ఉన్నాను. అక్కడ వినేవాళ్ళెవరూ లేరు.

ఆ ముద్ద అతని నుంచి ఊడి పక్కకు ఎగిరిపోయింది. తర్వాత తెల్ల రిజర్వు విచ్చుకుంది, పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు కనబడేంత తక్కువ ఎత్తులో. గాలి అతన్ని పడమటికి, లైను వైపు తీసుకుపోయింది. నేను ఆ తీగలను చూస్తూ నా కాళ్ళ కింద నేల ఎక్కడుందో కూడా చూసుకోలేదు. లైనుకు ఇవతల, రెండు పత్తి సాళ్ళ దూరంలో పడ్డాడు. చీలమండ విరిగింది. ప్రాణం ఉంది.

ఆపరేషన్‌కు కరీంనగర్ తీసుకెళ్ళారు. మూడోరోజు వెళ్ళి మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను, పట్టీ చూశానని, పిలవలేదని, ఎందుకు పిలవలేదో కూడా. శిక్షకుడికి ముందే చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, ఈ సీజనుకు ఇక దూకొద్దని మాత్రం అన్నాడు. భాయ్ కాలి కట్టు సవరించుకున్నాడు.

"చిన్న గొడుగు తీసి పారేసిన, పెద్దది తెరుచుకోలే. ఇగ నోరు దానికదే మొదలువెట్టింది అన్నా. ఎర్రది చూడు, పట్టు, గుంజు. నేనేం సోంచాయించలే." నా వైపు తిరిగాడు. "ఎన్కనుంచి పిలిస్తే ఏమైతుండె? ఎక్కువంటే ఆగుతుంటి."

అతని గొంతులో కోపం లేదు, అందుకే తట్టుకోలేకపోయాను. బయటికి వచ్చి బస్టాండ్‌లో ఒక మూల నిలబడి ఏడ్చాను.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చివరిదాకా తలెత్తలేదు.

"నువ్వు ఎన్కనే ఉన్నవా?"

"ఉన్న."

"చూసినవా?"

"చూసిన."

"పిలువలేదా?"

"పిలువలే అవ్వా."

చేట పక్కన పెట్టింది. అంతసేపూ నేను ఎదురు చూసింది ఏడుపో, తిట్టో. ఆమె వేరే ప్రశ్న అడిగింది.

"ఆ దినం మీ బాపు పైపు లేపుతుంటే, పైన తీగ ఉన్నదని ఎవలన్న పిలిచిండ్రా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరమూ ఆ మాట అడగలేదు. అవ్వ మళ్ళీ చేట ముందుకు లాక్కుంది గాని, ఆ సాయంత్రం చిక్కుడుకాయల కూర కాలేదు.

మరుసటి చలికాలం క్యాంపు మళ్ళీ వచ్చింది. భాయ్ కుంటుకుంటూ వచ్చి చేరాడు, నన్ను రమ్మని ఫోన్ చేశాడు. వెళ్ళే రోజు పొద్దున అవ్వకు చెప్పి బండి తీశాను. గేటు దాటాను. వెనక నుంచి పిలుపు వచ్చింది.

"ఆగు రా."

ఎవరో పక్కింటి మనిషి అనుకున్నాను. తిరిగి చూస్తే అవ్వ. గడప అవతల నిలబడి ఉంది, రెండు చేతులతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మాట ఎక్కడికి పోయి ఏం చేస్తుందో అని చూస్తున్నట్టు.

బండి దిగి వెనక్కి వచ్చాను. మెట్టు మీద కూర్చున్నాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది, తాగాను. బాపు కూడా ఇదే మెట్టు మీద, ఇలాగే తాగి వెళ్ళాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పట్టీలు ఇంకొకనితోని సూపిచ్చుకో," అంది. "ఎవలన్న పిలిస్తే ఆగు."

"ఆగుత."

"గదేదో అంటుంటివి కద, గోడౌన్ల. అను."

ఆమె మొహంలోకి చూసి గట్టిగానే అన్నాను. "తెరుచుకోలే. ఎర్రది చూడు, పట్టు, గుంజు. తెల్లది చూడు, పట్టు, గుంజు."

అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుని వింది.

"మల్లొక్కసారి అను," అంది.