డిస్కు లేకుండా మోగిన పాట

మా నర్సీపట్నం చర్చిలో పాటల మాటలు గోడమీద చూపించే పాత కంప్యూటర్‌కి హార్డ్ డిస్కు పోయింది. ఇవాళ సంఘపెద్ద రత్నంగారు దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు. ఒక్క గంట ఆగమని, పెన్‌డ్రైవ్‌లో పాటలతో పాటు, డిస్కు లేకపోయినా కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, దానితోనే కంప్యూటర్ ఆన్ చేశాను. గోడమీద పాట పడింది! కోయిర్ వాళ్లంతా ఆపకుండా మూడు చరణాలూ పాడేశారు.

"కొత్త డిస్కు ఏసీసినావేటమ్మా?" అన్నారాయన.

"లేదండీ. పాతది కూడా ఊడదీసేశాను, ఇదిగో" అని ఆయన చేతిలో పెట్టాను.

ఆయన డిస్కునీ గోడనీ మార్చి మార్చి చూశారు. తర్వాత కంప్యూటర్‌కి ఉన్న పెన్‌డ్రైవ్ చూసి, "ఇదెవరో మర్సిపోనారమ్మా" అంటూ పీకబోయారు.

గబుక్కున ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపడం నా జన్మలో ఇదే మొదటిసారి. తప్పంటారా?